మళ్ళీ విప్పిన పెట్టెలు

కట్టిన పెట్టెలన్నీ బైండరు మళ్ళీ విప్పేశాడు.

కంటి ఆపరేషన్ చేయించుకుని అప్పుడే ఇంటికొచ్చిన నర్సమ్మ, అతను అద్దెకుండే మేడమీది గదిలో అది చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఆదివారం ఖాళీ చేస్తానన్నారుగా?"

"చేయనండి."

ఇల్లు కనిపెట్టుకుని ఉండమని ఆమె ఇచ్చి వెళ్ళిన తాళంచెవిని చేతిలో పెట్టాడు. ముఖం మాత్రం చూడలేదు.

"ఇల్లమ్మేసి మా చెల్లెలి దగ్గరికి పోతున్నానని తెలిసి కూడానా?"

"చట్టం నా వైపుందండి."

పుస్తకాలకు అట్టలు వేసుకునే మనిషి నోట చట్టం మాట! నర్సమ్మకు ఒళ్ళు మండిపోయింది.

ప్లీడరు కూడా చేతులెత్తేశాడు.

"అద్దె సరిగ్గా కట్టే మనిషిని కదిలించలేమమ్మా. ఆయనంతట ఆయన వెళ్ళాల్సిందే."

కొంటానన్నవాళ్ళు ముఖం చాటేశారు. "పోనీలే అక్కా, ఆయన వెళ్ళాకే చూద్దాం" అంది చెల్లెలు.

నర్సమ్మ అతనికి మొండిఘటం అని పేరు పెట్టింది. మేడమీదికి నీళ్ళు ఆపేసింది. అతను కిందినుంచి బకెట్లు మోసుకున్నాడే తప్ప పల్లెత్తు మాట అనలేదు.

పైగా రోజూ ఉదయం ఎనిమిదింటికి వచ్చి తలుపు తట్టేవాడు.

"నర్సమ్మగారూ, లేచారా?"

"చావలేదులెండి!"

చాలా రోజులు ఆమె మరో మనిషితో మాట్లాడే మాట అదొక్కటే. ఆ సంగతి ఆమెకు అప్పుడు తట్టలేదు.

రెండేళ్ళు గడిచాయి. ఒకరోజు ఎనిమిది దాటినా తలుపు చప్పుడు కాలేదు.

పైకెళ్ళి చూసింది. నర్సుగా ఎందరి నాడినో చూసిన ఆమె చెయ్యి, అతని మణికట్టు మీద చాలాసేపు ఉండిపోయింది.

అంత్యక్రియలైన మర్నాడు, ఎనిమిదింటికి జవాబు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఇల్లు బావురుమంది. ఇక ఉండలేక చెల్లెలికి ఫోన్ చేసింది.

"అడ్డు తొలగిందే. ఇల్లమ్మేసి వచ్చేస్తాను. నాకో మంచం వేసిపెట్టు, చాలు."

చెల్లెలు గొంతు తగ్గించింది.

"అక్కా, ఇక్కడ నీకు కుదరదు. మా ఆయన ససేమిరా అంటున్నారు."

"ఈ మాట ఇప్పుడా చెప్పడం?"

"అప్పుడే చెబుదామని ఫోన్ చేశానక్కా. నువ్వు ఆపరేషన్‌కి వెళ్ళావట, బైండరుగారు ఎత్తారు. 'ఆమెకు చెప్పకండమ్మా, ఆ చెడ్డపేరేదో నాకే రానివ్వండి' అన్నారు."