ముందు నడిచేది

"వేటకా?" అన్నాడు సింహాచలం. "వేటకైతే గుర్రం వద్దు బాబూ. కంచర గాడిదే మేలు. గుర్రానికి పౌరుషమెక్కువ. కొండదారిలో కాళ్లు ఇరగ్గొట్టుకుంటాది."

వేణుబాబు తలూపాడు. నగరానికి అవతలి అంచున, లైంగ్‌థార్యార్‌లో ఒక బట్టల ఫ్యాక్టరీలో కుట్టుమిషన్లు బాగుచేసే పని అతనిది. పొద్దున్నే బస్సులు మారి, బగో నది వంతెన దాటి తన్లిన్ వచ్చాడు. ఊరి చివర రేకుల షెడ్డే సింహాచలం గుర్రపుసాల. ఇద్దరి తాతలూ ఓడెక్కి ఈ దేశం వచ్చిన తెలుగువాళ్లే. ఒకప్పుడు షాన్ కొండల్లో షికార్లకీ వేటకీ వెళ్లే డబ్బున్నవాళ్లు జంతువుల్ని ఇక్కడే తీసుకునేవాళ్లు. ఇప్పుడు షికార్లు లేవు. సాలలో మిగిలినవి మూడు కంచర గాడిదలు, ఒక ముసలి గుర్రం.

"ఎవరెక్కుతారు? నువ్వేనా?"

"నేను కాదు మామా. నా భార్య సు సు వాళ్లన్న. సరిహద్దు దగ్గర కయా కొండల్లో ఉంటాడు. జింకల వేటంటే పిచ్చి."

"బరువెంతుంటాడు? మనిషిని బట్టి జంతువుని ఎంచాల."

"సన్నగానే ఉండేవాడు." వేణుబాబు ఒక్క క్షణం ఆగాడు. "ఉంటాడు."

సింహాచలం అప్పటికే లోపలికి వెళ్లాడు. బూడిదరంగు ఆడ కంచరని పట్టుకొచ్చి, కాలెత్తి గిట్ట చూపించాడు.

"కొండదారికి దీన్ని మించింది లేదు. దీని అడుగు సూడు. నేల మీద ముక్కెట్టి, వాసన సూసి అప్పుడు కాలేస్తాది. అనుమానమొస్తే సంపినా కదల్దు. పక్కనించి తిరిగెల్తాది."

వేణుబాబు దాని అడుగునే చాలాసేపు చూశాడు.

"ఇది వద్దు మామా."

"ఏటీ, దీన్నా వద్దంటన్నావు?"

"దారి మధ్యలో తిన్నగా నడిచేది కావాలి. పక్కకి పోకూడదు."

సింహాచలానికి నచ్చలేదు. అయినా బేరమొచ్చి చాన్నాళ్లయింది. గోధుమరంగుదాన్ని తెచ్చాడు.

"అయితే దీన్ని తీసుకో. చెవి పక్కన తుపాకీ పేల్చినా బెదరదు. వేటకి కావాల్సింది అదే."

"చప్పుడుకి బెదిరినా పర్లేదు. ఇంకొంచెం బరువైనదుందా?"

ఇలాంటి వేటగాణ్ణి సింహాచలం ఇంతవరకూ చూడలేదు. ఇతనికి వేటంటే ఏమీ తెలీదనుకున్నాడు. బావమరిది ఏదో చెప్పుంటాడు, ఇతను ఏదో విన్నాడు.

మూడోది నల్లది. పెద్ద పొట్ట, లావు కాళ్లు. బియ్యం బస్తాలు మోసిమోసి నేల అదిరేలా అడుగేస్తుంది.

"ఇది మొద్దు. దీనికి దారి మీద అనుమానమే లేదు. తోలిన వైపెల్లిపోతాది."

"ముందు మనిషి లేకుండా వెళ్తుందా?"

"ఎల్తాది. కానీ వేటకి మనిషి ముందుండాల కదా?"

"మనుషులు ముందుంటే జింకలు బెదురుతాయట."

సింహాచలం దాని వీపు మీద తట్టాడు. అది షెడ్డు పక్క సందులోకి దిగి, మధ్యలోంచి, తలొంచుకుని చివరి గోడదాకా నడిచింది. ఎక్కడా ఆగలేదు. దారిలో బురదగుంట ఉంటే అందులోంచే పోయింది. వేణుబాబు ఊపిరి బిగబట్టి చూశాడు.

"దీన్నే తీసుకుంటాను."

ధర దగ్గర పేచీ రాలేదు. లారీ కోసం ఎదురుచూస్తూ ఇద్దరూ నీడలో కూర్చున్నారు. నల్లది వచ్చి సింహాచలం భుజానికి తల ఆనించింది.

"అవునుగానీ బాబూ, ఆ కొండల్లోనే ఇయి బోలెడు కదా. ఇక్కడ్నించి లారీకెక్కించి తీసుకెల్లడమేటి?"

"ఇప్పుడు దొరకడం లేదు మామా. అక్కడున్నవి అయిపోయాయి."

సిపాయిలు పట్టుకుపోయి ఉంటారనుకున్నాడు సింహాచలం. ఆ మాట పైకి అనలేదు. ఈ రోజుల్లో ఎవరూ అనడం లేదు.

"దీని పేరు..."

"పేరు చెప్పకు మామా."

సింహాచలం మొహం చిన్నబోయింది. కాసేపు దాని మెడ నిమురుతూ ఉండిపోయాడు.

"కొట్టకూడదు మరి."

"కొట్టను. కడుపు నిండా దాణా పెడతాను."

"ముసలిదైపోతే కసాయోడికి అమ్మకు. నాకు కబురెట్టు. నానే వచ్చి తోలుకుపోతాను."

వేణుబాబు లేచి నల్లదాని నుదుటి మీద చెయ్యి వేశాడు. అతని కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"జరమేటి?"

"నిద్ర లేదు మామా. అంతే."

లారీ వచ్చింది. చెక్క వాలుగా పెడితే నల్లది అదిలించకుండానే ఎక్కేసింది. సింహాచలానికి వేణుబాబు ఎందుకో నచ్చాడు. వేట తెలీనివాడే గానీ, జంతువుని హింసించేవాడు కాదనిపించింది. వంతెన వైపు లారీ కనుమరుగయ్యేదాకా రోడ్డు మీదే నిలబడ్డాడు.

ఆ వారంలోనే, కయా కొండల్లో లారీ వెళ్లే రోడ్డు ఆగిపోయిన చోట, వేణుబాబు దాన్ని కిందికి దింపాడు. సు సు, వాళ్ల ఇద్దరు పిల్లలూ మూటలతో దిగారు. కొండ దాటితే సరిహద్దు. వెనక్కి వెళితే, సైన్యంలో చేరి తీరాలని అతనికొచ్చిన పిలుపు. పైకి పోయే దారి అదొక్కటే.

వేణుబాబు దోసిలితో దానికి దాణా పెట్టాడు. పిల్లల్లో చిన్నది దాని మెడ కావలించుకోబోతే సు సు వెనక్కి లాగింది.

తర్వాత, పోయిన నెల మందుపాతర తొక్కి సు సు వాళ్లన్న ముక్కలైపోయిన ఆ దారి మీదికి, తమ నలుగురికన్నా చాలా ముందుగా, వేణుబాబు దాన్ని ఒంటరిగా తోలాడు.