ఇరవై ఆరు అడుగులు

ప్రత్యేక రాష్ట్రం కోసం రిలే దీక్ష డెబ్బయ్యో రోజు. క్యాంపస్ టెంటులో నినాదాలిచ్చే ఓపిక ఎవరికీ మిగల్లేదు.

ఆ ముసలాయన మళ్లీ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో చిన్న నోటుబుక్కు.

"ఏమండీ, బీపీ మాత్ర వేసుకున్నారా?" అని ఇన్నయ్యను అడిగాడు. ఇన్నయ్య హాస్టల్ మెస్సులో వంటమనిషి. పని కాగానే వచ్చి టెంటులో కూర్చుంటాడు.

"రోజూ అడుగుతవేంది సారూ? ఏసుకోలే. నాకేం నొప్పి లేదు, ఏం లేదు."

"నొప్పి ఉండదండీ. అదే దాని మోసం. ఒక్కసారి ఆ చెట్టు దాకా నడవండి."

ఇన్నయ్య విసుక్కుంటూనే లేచి నడిచాడు. ముసలాయన పెదాలు కదుపుతూ లెక్కపెట్టి రాసుకున్నాడు.

టెంటు బాధ్యత చూసే దివాకర్‌కు ఒళ్లు మండింది. ఎవరో పోలీసులకు పేర్లు అందించబట్టే పోయిన వారం ఇద్దరు మిత్రులు జైలుకు పోయారు.

"ఏ ఊరు సార్ మీది?"

"తెనాలండీ."

అవతలి ప్రాంతం మనిషి! టెంటంతా తలెత్తి చూసింది.

"రోజూ వచ్చి మా పేర్లెందుకు రాస్తున్నవ్?"

"నేను నిన్న కూడా వచ్చానా బాబూ?"

"యాక్టింగ్ జూడన్నా!" అన్నారెవరో.

దివాకర్ నోటుబుక్కు గుంజుకున్నాడు. ఇన్నయ్య - 14. ఇన్నయ్య - 19. ఇన్నయ్య - 26. పోలీసుల కోడే అనుకున్నాడు.

"ఇచ్చేయండి బాబూ. అది లేకపోతే నేను..." ఆ తర్వాతి మాట ఆయనకు దొరకలేదు.

"పో సార్! ఇంకోసారి గీడ కనపడకు."

ఆయన గేటు దాకా వెళ్లి, ఎటు తిరగాలో తెలియనట్టు చాలాసేపు నిలబడ్డాడు. అదీ నటనే అనుకున్నారు.

నెల తిరక్కముందే ఇన్నయ్య పొయ్యి దగ్గర కూలబడ్డాడు. నోట మాట రాలేదు.

"ఇది ఒక్క రోజులో అయింది కాదు" అన్నాడు స్కానింగు చూసిన డాక్టరు. "బీపీ వల్ల మెదడులో సన్నని రక్తనాళాలు ఒక్కొక్కటే మూసుకుపోయాయి. ఈమధ్య అడుగులు చిన్నగా పడుతున్నట్టు ఎవరూ చూడలేదా?"

దివాకర్‌కు నోటుబుక్కులోని అంకెలు గుర్తొచ్చాయి. అదే చెట్టు, అదే దూరం. పద్నాలుగు అడుగుల దారి ఇరవై ఆరు అడుగులైంది. ఒకాయన చూశాడు. చూసి రాసిపెట్టాడు కూడా.

హాస్టల్ గదికి పరుగెత్తి నోటుబుక్కు వెతికి తీశాడు. లోపలి అట్ట మీద పెద్ద అక్షరాలు: 'నా పేరు పౌలు. దారి తప్పితే ఈ ఇంటికి చేర్చండి.' కింద తార్నాక అడ్రసు.

తలుపు తీసింది ఆయన కూతురు ఎవాంజెలిన్. నోటుబుక్కు చూసి గడపలోనే కూర్చుండిపోయింది.

"అక్కా, సారు ఉన్నరా?"

"లేరు. రోజూ ఆ అట్ట చూపిస్తే ఎవరో ఒకరు ఇంటికి తెచ్చేవాళ్లు. ఆ రోజు పుస్తకం లేదు. రెండు రోజులకు గోల్నాకలో రోడ్డు పక్కన దొరికారు. వారం కూడా బతకలేదు."

"నేనే గుంజుకున్ననక్కా."

ఆమె తిట్టలేదు. ఏడ్చి ఏడ్చి అలసిపోయిన ముఖం.

"సారు ఏం జేసెటోరక్కా?"

"మెదడు డాక్టరు. బీపీ మెదడునెలా తినేస్తుందో ముప్పై ఏళ్లు పాఠం చెప్పారు. అదే జబ్బు తనకొచ్చాక నా పేరు కూడా మర్చిపోయారు బాబూ, ఆ పాఠమొక్కటే మర్చిపోలేదు."