మిగిలిపోయిన మూల

ముసలాయన మూడో రోజు కూడా హోల్మత్ పొలంలోనే కనిపించాడు.

భుజాన గోనెసంచి. చేతిలో చిన్న గునపం.

కక్ర అనే చేదు కలుపు మొక్క పక్కన కూర్చుంటాడు. వేరు దగ్గర గుంట తీస్తాడు. సంచిలోంచి ఏదో తీసి పూడ్చి, పైన గులకరాయి పెడతాడు.

"మన కలుపులో ఆయనేం పాతుతున్నాడు అకా?" పక్క పొలం ఎర్గష్ గట్టు మీంచే అడిగాడు. అకా అంటే అక్కడ అన్న.

"అదే చూస్తున్నా," అన్నాడు హోల్మత్.

"భూముల ఆఫీసు పంపిన మనిషేమో. నీ కౌలు లాక్కోడానికి సాకు కావాలిగా."

హోల్మత్ భయమూ అదే.

మూడేళ్ళుగా అతని గోధుమని కక్ర మరీ మింగేస్తోంది. గోధుమల్లో దాని గింజలు నాలుగు కలిసినా రొట్టె చేదు. మిల్లువాడు బస్తాలు తిప్పి పంపాడు. వచ్చే జూన్‌కి కూడా పొలం బాగుపడకపోతే కౌలు రద్దని కాగితం వచ్చింది.

ఇద్దరూ వెళ్ళి సంచి తెరిపించారు.

ఎండిన కాడలు. ప్రతి కాడకీ బుడిపెలు.

"ఏంటి పెద్దాయనా ఇది? రోగమా?" హోల్మత్ అడిగాడు.

"రోగమే. కక్రకి. ఈ బుడిపెల్లో కంటికి కనపడని పురుగుంటుంది. కక్రని తప్ప దేన్నీ ముట్టదు."

"మా గోధుమని ముట్టదని ఆ పురుగు మీకు చెప్పిందా?" అన్నాడు ఎర్గష్.

"పదకొండేళ్ళు చూశాను బాబూ."

"ఏ ఊరు మీది?"

"ఈ నేల తెలిసినవాణ్ణి."

"ఊరడిగితే నేల అంటాడు," ఎర్గష్ గొణిగాడు.

ముసలాయన హోల్మత్ వైపు తిరిగాడు. "శుక్రవారం హషర్ పెట్టి ఊరందరితో దీన్ని తవ్విస్తావట. వద్దు. పారకి తెగిన ప్రతి వేరుముక్కా మొలుస్తుంది."

"మా నాన్న కాలం నుంచీ తవ్వుతున్నాం."

"అందుకే ఇంకా ఉంది."

ఎర్గష్ నవ్వాడు. "పని మానేయమని ఇంత మర్యాదగా ఎవరూ చెప్పలేదు. మా బావమరిది వింటే మీ చెయ్యి ముద్దు పెట్టుకుంటాడు."

ఎంత అనుమానమున్నా పెద్దవాణ్ణి టీ ఇవ్వకుండా పంపకూడదు. హోల్మత్ ఇంటికి తీసుకెళ్ళాడు.

భార్య ఇక్లిమా టీ తెచ్చింది. ఇష్టమైన అతిథికి గిన్నెలో సగమే పోస్తారు, మళ్ళీ మళ్ళీ పోయొచ్చని. నిండా పోస్తే ఇక వెళ్ళమని.

హోల్మత్ కళ్ళతో సైగ చేశాడు.

ఇక్లిమా అంచు దాకా పోసింది.

ముసలాయన ఆ గిన్నెని చూశాడు. చుక్క మిగల్చకుండా తాగాడు.

"టీ బాగుందమ్మా," అని లేచి, సంచి కోసం చెయ్యి చాచాడు.

హోల్మత్ సంచి తీసి మండుతున్న రొట్టెల పొయ్యిలో పడేశాడు.

ముసలాయన ఖాళీ చేతులతో వెళ్ళిపోయాడు.

శుక్రవారం నలభై పారలు దిగాయి. సాయంత్రం మంచు మొదలవడంతో మల్బరీ చెట్ల పక్క మూల ఒక్కటే మిగిలిపోయింది. గులకరాళ్ళున్న మూల.

వసంతంలో, తవ్విన చోటల్లా ఒక్క కక్రకి ఐదు లేచాయి.

ఆ మూలలో మాత్రం జానెడు కూడా లేవలేదు. వంకర తిరిగి, బుడిపెలు కట్టి, నేలనే కరుచుకుని ఉన్నాయి. వాటి మీద గోధుమ ఊగుతోంది.

జూన్‌లో ఆఫీసు వాళ్ళు వచ్చారు. కౌలు రద్దు కాగితం మీద సంతకం పెట్టబోతూ పెద్ద అధికారి ఆ మూల చూసి ఆగాడు.

"ఇది ఎవరు చేశారు?"

"ఒక పెద్దాయన," అన్నాడు హోల్మత్.

"మిగతా పొలం కూడా ఇలా చేస్తానంటే ఒక్క ఏడాది ఆగుతాం."

మర్నాడే హోల్మత్, ముసలాయన్ని ఊరికి తెచ్చిన జిజ్జఖ్ పట్నం బస్సు డ్రైవర్ని అడిగి, అక్కడ ఆయన ఇల్లు పట్టుకున్నాడు.

ఆయన కూతురు సఫర్‌గుల్ తలుపు తీసింది.

"నాన్న జనవరిలో పోయారు అకా. లోపలికి రండి."

టీ పోసింది. సగం గిన్నె.

హోల్మత్ దాన్ని ముట్టుకోలేకపోయాడు.

"ఆయన సంచి..."

"తెలుసు. నాన్న పాతిన చోట కక్ర బుడిపెలు ఎండాక కోసుకోండి. చలి ముదరక ముందే మిగతా పొలంలో పూడ్చండి. ఇక అదే విత్తనం."

"మమ్మల్ని తిట్టుకున్నారా?"

"లేదు. టీ నిండా పోశారని మాత్రం చెప్పారు. వాళ్ళకా హక్కుంది అన్నారు."

"హక్కేంటమ్మా? ఆయన మాకేం చేశారని?"

సఫర్‌గుల్ గోడ మీది పాత ఫొటో చూపించింది. ట్రాక్టరు పక్కన సన్నటి యువకుడు. వెనక మల్బరీ చెట్లు. హోల్మత్ ఆ చెట్లని గుర్తుపట్టాడు.

"ఉమ్మడి సేద్యం రోజుల్లో కక్ర ఆ ఒక్క మూలలోనే ఉండేదట," అంది. "దాని మీద డిస్క్ నాగలి నడిపించి పొలమంతా పరిచిన వ్యవసాయాధికారి మా నాన్నే."