ఎనిమిదో బంటు

"అల్లుడుగారూ, మీ కంప్యూటర్ గాలిని బ్రహ్మాండంగా చెక్కుతోంది. ఇత్తడి సంగతి ఎప్పుడు చూస్తుందో కాస్త కనుక్కోండి."

మామగారి మాటకు అల్లుడు తల గోక్కున్నాడు. లేత్ మీద ఇత్తడి కడ్డీ గిర్రున తిరుగుతోంది. దాన్ని కోయాల్సిన టూల్ మాత్రం బెత్తెడు దూరంలో, భోజనం అరగడానికన్నట్టు, అటూ ఇటూ పచార్లు చేస్తోంది.

"ప్రోగ్రాములో ఎక్కడో మైనస్ గుర్తు పెట్టడం మర్చిపోయినట్టున్నాను, మావయ్యగారూ."

"రెండు నెలలు కూర్చుని ఒక్క గుర్తు మర్చిపోయారు. ఇంకో రెండేళ్లు కూర్చోండి, అన్నీ మర్చిపోవచ్చు."

గుమ్మంలో నిలబడ్డ కూతురికి నవ్వు రాలేదు. మొగుడి మీద ఒళ్లు మండిపోతోంది. ఆ లేత్ నాన్నది. ముప్ఫై ఏళ్లు ఫ్యాక్టరీలో టర్నరుగా చేసి, రిటైరయ్యాక ఇంటి వెనక రేకుల షెడ్డులో సరదాకి పెట్టుకున్న చిన్న మిషను. దాని మీద చదరంగం బలగాలు చెక్కడం మొదలుపెట్టాడు. ఉక్కు బలగం పూర్తయింది. ఇత్తడి బలగంలో ఏడో బంటు దాకా వచ్చేసరికి చేతులు వణకడం మొదలైంది. ఎనిమిదో బంటు కోసం మూడు కడ్డీలు పాడుచేసి, లేత్ మీద పాత దుప్పటి కప్పేశాడు. ఏడాదిగా షెడ్డు గడప తొక్కలేదు. తండ్రీకూతుళ్లు ఆట వేస్తే ఆ ఎనిమిదో గడిలో ఇప్పటికీ టానిక్ సీసా మూత నిలబడుతుంది.

అలాంటి దుప్పటిని ఈ మహానుభావుడు ఎత్తి చూశాడు. "దీనికి కంప్యూటర్ పెడితే ఎలా ఉంటుందంటావ్?" అన్నాడు. ఇక చూడాలి! బల్ల మీద మోటార్లు, మంచం మీద తీగలు, పప్పుడబ్బాలో స్క్రూలు.

"నాన్న చెయ్యలేని పనిని నాన్న మిషను మీదే చేసి చూపిస్తారా? పుండు మీద కారం చల్లడానికి ఇన్ని మోటార్లు కావాలా?" అని మొన్ననే నిలదీసింది.

"చూద్దాంలే," అని నవ్వి ఊరుకున్నాడు. ఈ ఉదయం స్వయంగా వెళ్లి మామగారిని ప్రారంభోత్సవానికి పిలుచుకొచ్చాడు కూడా. ఎగతాళి చేయడానికైతేనేం, నాన్న షెడ్డులో అడుగుపెట్టాడు. అంతవరకు నయమే అనుకుంది.

అల్లుడు మిషను ఆపి, పోయిన పరువు కాస్తయినా రాబట్టుకోబోయాడు. "చిన్న చిన్న కుదుపులుంటే అదే సర్దేస్తుంది, మావయ్యగారూ. ఆ విషయంలో మాత్రం గట్టిది."

"పెద్ద పెద్ద తప్పులు సర్దే రకం దొరకలేదా?"

"పోనీ, మీరు చేసి చూపించండి."

"ఏమండీ!" కూతురు కసిరింది.

ముసలాయన కుడిచెయ్యి చప్పున జేబులోకి పోయింది. ఆయన కడ్డీని చూశాడు, అల్లుణ్ణి చూశాడు.

"నా హ్యాండిళ్లు ఉంచారా, పాత సామానువాడికి వేసేశారా?"

"అవే ఉన్నాయండీ. విప్పి, నూనె పెట్టి బిగించానంతే."

"వాటి వెనక ఈ తీగలేమిటి?"

"లైటుకి." కడ్డీ పైన కొత్తగా పెట్టిన బల్బును వేలితో చూపించాడు.

"ముందు ఆ కంప్యూటర్ పెట్టె కట్టెయ్యండి. నాకూ మిషనుకూ మధ్య పెద్దమనుషులు అక్కర్లేదు."

అల్లుడు వంగి ఏదో నొక్కాడు. తెర నల్లబడింది. ముసలాయన ఎడంచేత్తో మిషను మీట వేయగానే కడ్డీ మళ్లీ గిర్రున తిరిగింది.

జేబులోంచి చెయ్యి బయటికొచ్చింది. హ్యాండిల్ దాకా వెళ్లేలోపే గాలిలో ఆకులా వణికింది. కూతురు కళ్లు మూసుకుంది. చిన్నప్పుడు అదే చెయ్యి తన వేళ్లను హ్యాండిల్ మీద పెట్టి చెప్పిన మాట గుర్తొచ్చింది. "ఇక్కడ తిప్పితే అక్కడ టూల్ కదులుతుంది. మధ్యలో ఎవరూ ఉండరు. తప్పయినా ఒప్పయినా నీ చేతిదే."

కడ్డీ కీచుమంటుందని ఎదురుచూసింది. అనలేదు. అన్నం ఉడుకుతున్నట్టు సన్నగా, ఒకే తీరున చప్పుడు. కళ్లు తెరిచేసరికి ఇత్తడి పొట్టు ఉంగరాలు ఉంగరాలుగా రాలుతోంది. తల తేలింది, మెడ తేలింది, పీట తేలింది. అరగంట తర్వాత ముసలాయన బంటును కోసి తీసి, ఏడో బంటు పక్కన పెట్టి మైక్రోమీటరుతో కొలిచాడు. మళ్లీ కొలిచాడు. వెంట్రుకవాసి తేడా లేదు.

బంటును అరచేతిలో ఓసారి దొర్లించి, అల్లుడి వైపు తిరిగాడు.

"నూనె బాగా పెట్టావయ్యా. వెన్నలా తిరుగుతున్నాయి. నీకు చేతనైన పని అదొక్కటే, అదే చేసుకో. ఆ కంప్యూటర్ ఎవరికైనా దానం చేసెయ్."

"అలాగే, మావయ్యగారూ."

"రేపట్నుంచి షెడ్డు తాళం నా దగ్గరుంటుంది. అమ్మాయ్, బోర్డు తీసుకొస్తున్నా. ఆ సీసా మూత అవతల పారెయ్!"

ఏడాది తర్వాత ఆ గొంతులో ఆ జోరు విని కూతురికి కళ్లు చెమర్చాయి. ఆయన వెనకే, ఓడిపోయిన మొగుడు పెళ్లిపందిట్లో తిరిగినట్టు ఉత్సాహంగా వెళ్తున్నాడు.

"కాస్తయినా సిగ్గు లేదూ మీకు?"

"మొదట్నుంచీ లేదుగా," అన్నాడు వెనక్కి తిరక్కుండానే.

ఆమె చీపురు తీసుకుని ఇత్తడి పొట్టు ఊడ్చింది. బల్ల కింద కంప్యూటర్ పెట్టెకు పచ్చదీపం ఇంకా వెలుగుతూనే ఉంది. అయ్యగారు తెర ఒక్కటే ఆపి, పెట్టెను అలాగే వదిలేశారన్నమాట. ఈయనకు ఏ పనీ సాంతం చేయడం ఈ జన్మకు రాదు! విసుక్కుంటూ గోడ మీద దాని స్విచ్చి కట్టేసింది. దీపం ఆరిపోయింది.

వెళ్లబోతూ ఆగింది. చిన్నప్పటిలా హ్యాండిల్ మీద చెయ్యి వేసి, ఒక చుట్టు తిప్పింది. నిజమే, వెన్నలా తిరిగింది. దాని వెనక తీగలు మాత్రం పైన లైటుకి కాదు, కింద కంప్యూటర్ పెట్టెలోకి పోతున్నాయి.

టూల్ కదల్లేదు.