దండు దిగిన చోట

“తాళం తియ్ భాయ్, నీకు దండం పెడతా!”

నవాజ్ రెండు చేతులా గేటు చువ్వలు పట్టుకుని ఊపాడు. ఇనుము ఎండకు కాలిపోతోంది. అయినా వదల్లేదు. అవతల నాలుగు బారల దూరంలో, ముక్కుకు గుడ్డ కట్టుకుని అన్న కాలేషా నిలబడి ఉన్నాడు. తాళంచెవి ఆయన చేతిలోనే ఉంది.

సౌదీలోని రాబిగ్ ఊరి శివార్లలో ఉన్న ఆ కూలీల క్యాంపులో కరోనా మొదలవగానే నడిమి గేటుకు తాళం పడింది. జబ్బుపడ్డవాళ్లు ఒక పక్క, బాగున్నవాళ్లు ఒక పక్క. క్యాంపు పెద్దగా ఆ కట్టడి పెట్టింది కాలేషాయే. సొంతవాళ్లకైనా మినహాయింపు లేదన్నాడు.

“ఇద్దరికీ ఇంటికి పోను ఎగ్జిట్ వీసా వచ్చినాది. రేపే ఫ్లైట్. కడపలో అమ్మ కాచుకోనుంది.”

“తియ్యను.”

“దగ్గరికన్నా రావా? అంత భయమా?”

“భయమే. లేదని ఎందుకు చెప్పల్ల? రోగమున్న చోటి నుంచి బయటికి పోగూడదు, బయటోళ్లు ఆడికి రాగూడదు. ఈ మాట నాకు చెప్పింది నువ్వే గదా?”

ఆ మాట నవాజ్‌దే. అన్న ఇక్కడ ఒళ్లు వంచి కష్టపడితే, తను కడపలో చరిత్ర ఎమ్మే చదివాడు. మధ్యయుగాల ముస్లిం సేనానులు విడిది ఎక్కడ వేసేవారు, మహమ్మారి వస్తే దండును కదపాలా వద్దా అని ఎలా తర్జనభర్జన పడేవారు, ఇవన్నీ ఫోనులో గొప్పగా చెప్పేవాడు. చదివిన చదువు ఇలా ఎదురుతిరుగుతుందని కాలేజీలో ఎవరూ చెప్పరు. ఎందుకు చెప్పానా అని ఇప్పుడు కుమిలిపోయాడు.

“షామ్ దేశంలో, అదే ఇప్పటి సిరియాలో, దండుకు ప్లేగు తగిలినప్పుడు చివర్న వచ్చిన సేనాపతి ఏం చేసినాడో గూడా చెప్తిని గదా! జనాన్ని కొండలెక్కించి బతికించినాడు. నువ్వూ అట్లే చెయ్యి భాయ్.”

“మరి మొదటాయన?”

“ఖలీఫా రమ్మని జాబు రాసినా కదలకపాయె. దండులోనే ఉండి, ఆ రోగంతోనే పాయె. ఏం సాధించినాడు?”

“అది ఆయన పక్కన పండుకున్నోళ్లను అడగాల.” కాలేషా తాళంచెవి జేబులో వేసుకున్నాడు. “నిన్ను ఈ దేశానికి పిలిపించకుంటే బాగుండు నవాజ్. అమ్మకు మాత్రం బాగుండానని చెప్పు.”

నవాజ్ చువ్వలకు నుదురు ఆనించి వెక్కివెక్కి ఏడ్చాడు. కాలేషా ఒకడుగు ముందుకు వేసి, ఆగిపోయాడు. ఆయన వెనక నుంచి ఎవరో మూలుగుతూ మంచినీళ్లు అడిగారు.

కాలేషా వెనక్కి తిరిగి రోగుల షెడ్డులోకి వెళ్లిపోయాడు.