అంద్రెయ తీసిన నరకం

సూర్యప్రకాష్ విశాఖ నుంచి పూండి దాకా వచ్చింది దేవుని వాక్యం వినడానికి కాదు, పాస్టరు అంద్రెయ తీసిన నరకం సినిమా అసలు క్యాసెట్టు కోసం.

పెళ్లిళ్ల కెమేరా అద్దెకు తెచ్చి తీసిన సినిమా అది. దాని నకలు అతను ఇదివరకే చూశాడు. బైబిలు ఉపమానంలో ధనవంతుడు నరకాగ్నిలో పడి, చుక్క నీటికి తండ్రి అబ్రాహామును పిలుస్తూ అలమటిస్తాడు కదా, ఆ వేషం అంద్రెయ భార్య వేసింది.

"బయమేసిందా బాబూ?" అంద్రెయ ముఖం వెలిగిపోయింది. "మారుమనసు పొందినావా?"

"అబ్బే, అలా కాదండీ. ఎవరూ చూడని ఇలాంటివి నా దగ్గర రెండు బీరువాల నిండా ఉన్నాయి. చూస్తే నిద్ర పట్టకూడదు, మాలా సినిమాలు సేకరించేవాళ్లం అలాంటివే దాచుకుంటాం."

"నరకాన్ని బీరువాలో ఎట్టి తాళమేత్తారేటి! అగ్గిలో కాలిపోయిన సొదొమ వోళ్లకి కూడా ఈ తెలివి లేదు." నవ్వుతూనే క్యాసెట్టు చేతిలో పెట్టాడు. "పట్టుకెల్లు. ఏనాటికైనా అదే నిన్ను మారుత్తాది."

సూర్యప్రకాష్ దాన్ని సంచిలో వేసుకున్నాడు. "ఒక్క సందేహమండీ. ఆవిడ పిలవాల్సింది తండ్రి అబ్రాహామును కదా! కెమేరా వైపు చూసి 'మావా, సుక్క నీళ్లియ్యి మావా' అని ఏడుస్తుందేమిటి? మావాళ్లందరికీ అక్కడే ఒళ్లు జలదరిస్తుంది."



"నన్నే బాబూ. కెమేరా నా సేతిలోనే ఉంది. కిడ్నీలు పోయి ఒళ్లంతా ఉబ్బిపోతే, గుక్కెడుకి మించి నీళ్లు పొయ్యొద్దన్నాడు డాక్టరు. వేసం మరిసిపోయి నిజంగానే అడిగింది. బాగా వత్తంది కదా అని తీసుకుంటా పోయినాను. ఆ నెల్లోనే సచ్చిపోయింది."

"అంటే... అది నటన కాదా?"

ఆ గొంతులో సంతోషం అంద్రెయకు వినపడింది. క్యాసెట్టు తిరిగి ఇమ్మని చెయ్యి చాచాడు. సూర్యప్రకాష్ అప్పటికే సంచి గుండెకు హత్తుకుని గుమ్మం దాటుతున్నాడు.