అమ్మ అర్హతలు

"మా అమ్మకి మరీ ఎక్కువ కాలం వద్దండీ. పిల్లలిద్దరూ బడికెళ్లేదాకా చాలు," అన్నాడు సుపుత్రుడు.

వీసాల మేడం టైపు చేయడం ఆపి అతని వైపు చూసింది. దేశం కాని దేశంలో స్థిరపడి, తల్లిదండ్రుల్ని పిలిపించుకునే వాళ్లకి కాగితాలు నింపిపెట్టడం ఆవిడ వృత్తి. కన్నతల్లిని అద్దె సామానులా మాట్లాడుకునే వాళ్లని చాలామందినే చూసింది. కానీ వాళ్లంతా కాస్త నసిగేవాళ్లు. వీడికి ఆ మాత్రం మొహమాటం కూడా లేదు.

"మూడు దారులున్నాయి," అంది. "పర్మనెంట్ వీసా అయితే ఏళ్ల తరబడి క్యూ. వచ్చాక ఆవిడ మంచీ చెడూ అంతా మీ పూచీ. రెండోది ఐదేళ్లది, ఇన్సూరెన్స్ మీరే కట్టాలి. మూడోది విజిట్ వీసా. ఏడాది ఉండి వెళ్లిపోవాలి."

"పర్మనెంటే! అమ్మో!" పక్క కుర్చీలోని కోడలు గుండె మీద చెయ్యేసుకుంది. "అంటే, అత్తయ్యగారంటే నాకు ప్రాణమేనండీ. ఇల్లే కాస్త ఇరుకు."

"మూడోదే పెట్టండి," అన్నాడు సుపుత్రుడు. "త్వరగా రావాలి. ఒకటో తారీకున మా ఆవిడ డ్యూటీలో చేరకపోతే ఉద్యోగం ఊడుతుంది. పిల్లల్ని చూసే దిక్కు లేదు. ఏడాది అయ్యాక మా అత్తగారిని తెప్పిస్తాం."

తెప్పిస్తాడట! ఆవిడేమన్నా పార్సిలా?

"మా అమ్మ జోలికి రాకండి," కోడలు కస్సుమంది. "ఆవిడకి మోకాళ్ల నొప్పులు."

"మీ అత్తగారికి లేవా?" అడిగింది మేడం.

కోడలు మొగుడి మొహం చూసింది. మొగుడు గోడ మీది క్యాలెండరు చూశాడు. "ఏమోనండీ, ఎప్పుడూ అడగలేదు."

"పుట్టినతేదీ?"

"అమ్మకి ఫోన్ చేసి కనుక్కుని చెప్తాను."

మేడం ఒక తెల్లకాగితం అతని ముందుకు తోసింది. "ఆవిడ ఎవరు, ఎలాంటి మనిషి, ఎందుకు రమ్మంటున్నారు? మీ సొంత మాటల్లో రాయండి. వీసా ఇచ్చే ఆఫీసరు ముందు చదివేది ఇదే."

కలం ఎక్కడా ఆగలేదు. ఐదు నిమిషాల్లో కాగితం నింపి, పరీక్ష బాగా రాసిన పిల్లాడిలా అందించాడు. మేడం చదివింది.

"మా అమ్మ తెల్లవారుజామున ఐదింటికే లేస్తుంది. ఇంటిల్లిపాదికీ వండి పెడుతుంది. ఇద్దరు పిల్లల స్నానం, తిండి, నిద్ర చూసుకోగలదు. బట్టలు చక్కగా మడత పెడుతుంది. వాషింగ్ మెషీన్ ఒకసారి నేర్పిస్తే చాలు. పగలు పడుకోదు. ఏం పెట్టినా తింటుంది. ఎదురు చెప్పదు."

"ఇందులో మీ అమ్మ ఎక్కడుందండీ?"

"అదేంటి మేడం, మొత్తం ఆవిడ గురించేగా!"

మేడానికి ఒళ్లు మండింది. "ఇది చూసి ఆఫీసరు ఏమంటాడో చెప్పనా? విజిట్ వీసా ఎందుకు, ఇంటిపని వాళ్ల వీసా పెట్టుకోండి అంటాడు. అది నెల తిరక్కుండా వస్తుంది కూడా. కాకపోతే ఒప్పందం రాయాలి. జీతం ఇవ్వాలి, ఇన్ని గంటలే పని చేయించాలి, వారానికో రోజు సెలవు, తలుపున్న గది ఒకటి విడిగా."

సుపుత్రుడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "మా అమ్మని పనిమనిషంటారా? నవమాసాలు మోసిన తల్లండీ! నోరెలా వచ్చింది మీకు?"

"నేననలేదు బాబూ. నువ్వు రాశావు."

"ఉండండి, మా అమ్మ చేతే మీకు గడ్డి పెట్టిస్తాను," అంటూ వీడియో కాల్ కలిపాడు. తల్లి మొహం కనిపించగానే అందుకున్నాడు. "చూడమ్మా, ఈవిడ నిన్ను పనిమనిషిలో జమకడుతోంది! అదేదో పనివాళ్ల వీసా మీద రప్పించుకోమంటోంది! నువ్వే అడుగు!"

ఫోన్ తెచ్చి మేడం మొహానికి ఎదురుగా పెట్టాడు. మేడం తిట్లకి సిద్ధపడింది.

"వాడేం రాశాడో ఒకసారి చదువమ్మా," అంది తల్లి.

ఇంతసేపూ కొడుకుని కడిగేసిన మేడం ఆ కాగితం చదవడానికి తటపటాయించింది. అయినా చదివింది. తల్లి చివరిదాకా విన్నది. ‘ఎదురు చెప్పదు’ అన్నచోట మాత్రం చిన్నగా నవ్వింది.

"ఆ పనివాళ్ల వీసా సంగతి చెప్పు తల్లీ."

మేడం చెప్పింది.

"వారానికో రోజంటే, పొద్దుట్నుంచి రాత్రిదాకా సెలవేనా?"

"అవునండీ."

"గదికి లోపల గడియ ఉంటుందా?"

"ఉండి తీరాలండీ."

"విన్నారా, ఎంత నొచ్చుకుందో!" అన్నాడు సుపుత్రుడు. "ఇప్పుడు చెప్పమ్మా, గట్టిగా!"

తల్లి వాడి వైపు చూడలేదు. "అదే పెట్టించు తల్లీ," అంది.

కోడలు నోరు తెరిచింది. సుపుత్రుడు కుర్చీలో కూలబడ్డాడు.

"ఒక్క సందేహం," అంది తల్లి. "యజమాని వీడే అవ్వాలా, ఇంకెవరింట్లోనైనా చేరొచ్చా?"